ఇంటి పెరట్లో మాంసం కోసం పాతిక కోళ్ళు: ఏ రకం తేవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొవ్వూరు దగ్గరి పల్లె నుంచి

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక ఆరు సెంట్ల పెరడు ఉంది. అందులో నాలుగు కొబ్బరి చెట్లు, పశువులను అమ్మేసినప్పటి నుంచి ఖాళీగా పడి ఉన్న ఒక పాత పాక ఉన్నాయి. ఇంట్లో మేము ఆరుగురం, ఆదివారం వస్తే కోడికూర ఉండవలసిందే. బజారు కోడికి ఏ మందులు వాడారో తెలియదన్న బెంగ కొంత, పిల్లలకు మన చేతులతో పెంచిన కోడిని వండిపెట్టాలన్న కోరిక కొంత కలిసి, ఒక పాతిక పిల్లలను తెచ్చి మాంసానికే పెంచుదామని అనుకుంటున్నాము.

బ్రాయిలర్ పిల్లలైతే నెలన్నరకే కోతకు వస్తాయని మా వారు అంటున్నారు. షెడ్డు లేని చోట అవి బతకవని, నాటుకోడి తప్ప మరొకటి వద్దని మామయ్యగారు అంటున్నారు. మధ్యలో ఎవరో వనరాజా పేరు చెప్పారు. మూడింటిలో మా ఇంటికి ఏది తగినదో తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. కార్తీకమాసంలో మా ఇంట్లో మాంసం ముట్టరు, సంక్రాంతికి మాత్రం ఆడపడుచులు, అల్లుళ్ళు అందరూ వస్తారు. అప్పటికి అందేలా ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా చెప్పగలరు. ఇప్పటికే పెరట్లో తిరుగుతున్న నాటుపెట్టలు ఐదు ఉన్నాయి. కొత్త పిల్లలను వాటితో కలిపి వదలవచ్చా?

సమాధానం: సిద్దిపేట వైపు నుంచి, పెరటి కోళ్ళు పెంచుతున్నవారు

మీరు అడిగిన దానిలోనే సగం జవాబు ఉందండి. ఆదివారానికి ఒక కోడి కావాలి, కార్తీకంలో ఒక్కటీ వద్దు, సంక్రాంతికి నాలుగైదు ఒకేసారి కావాలి. అంటే మీ ఇంటికి వేగంగా పెరిగే కోడి కంటే, మీకు అవసరమయ్యే దాకా ఆగగలిగే కోడి ముఖ్యం. బ్రాయిలర్ ఆగదు. ఆరు వారాలకు రెండు కిలోలకు వచ్చిన బ్రాయిలర్‌ను ఇంకో నెల ఉంచుదామనుకుంటే, శరీరం బరువును కాళ్ళు మోయలేక కూలబడిపోతుంది, లేదా పొట్టలో నీరు చేరో గుండె ఆగిపోయో చనిపోతుంది. పాతిక బ్రాయిలర్లను ఒకేసారి పెంచితే వాటన్నిటినీ వారం పది రోజుల్లో కోసుకోవలసి వస్తుంది. ఒక్కొక్క దానికి తోలు తీసి శుభ్రం చేసినా కిలో పావుకు తక్కువ రాదు కనుక, పాతిక కోళ్ళంటే ముప్పై కిలోల మాంసం అవుతుంది. ఆరుగురు ఉన్న ఇంట్లో అంత మాంసాన్ని ఏ ఫ్రిజ్‌లో పెడతారు?

అచ్చమైన నాటుకోడి రుచికి సాటి లేదు. మీ మామయ్యగారి మాట అక్కడ వరకు నిజమే. కానీ పిల్లగా మొదలుపెట్టి వండుకోదగిన బరువుకు రావడానికి అది ఐదారు నెలలు తీసుకుంటుంది, సంక్రాంతికి అందదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ వారు పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. రంగురంగుల ఈకలతో చూడడానికి నాటుకోడిలాగే ఉంటుంది. పది పన్నెండు వారాల నుంచి ఒక్కొక్కటిగా కోసుకుంటూ పోవచ్చు, మిగిలినవి పెరట్లో తిరుగుతూ ఇంకా కొంత బరువు పెరుగుతాయే తప్ప చెడిపోవు. వచ్చిన పిల్లల్లో ఇంచుమించు సగం పెట్టలే ఉంటాయి కాబట్టి, పుంజులను మాంసానికి వాడుకుని పెట్టలను గుడ్లకు ఉంచుకోవచ్చు. అదే సంస్థ వారి గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం పెంచే రకం. మీకు మాంసం ముఖ్యమన్నారు కాబట్టి వనరాజానే తీసుకోండి. దాని గుడ్లను పొదిగించి సంతతి నిలుపుకుందామని మాత్రం అనుకోవద్దు. తరువాతి తరం పిల్లల్లో ఆ ఎదుగుదల ఉండదు కాబట్టి ప్రతిసారీ కొత్త పిల్లలనే తెచ్చుకోవాలి.

సెప్టెంబరు ఆఖరు వారంలో పిల్లలు ఇంటికి చేరితే, నవంబరు మొదటి పక్షం దాకా పాకలోనే పెరుగుతాయి, ఆ తరువాత పెరట్లో మేతకు తిరుగుతాయి, సంక్రాంతికి పదిహేను వారాల వయసుకు వస్తాయి. సాయంత్రం పూట మేత సరిగా వేస్తే అప్పటికి పుంజులు కిలోన్నరకు, రెండు కిలోలకు మధ్య తూగుతాయి. పిల్లలకు ముందుగానే పేరు నమోదు చేయించుకోవాలి, అడిగిన వెంటనే దొరకవు. మొదటిసారి పెంచుతున్నవారికి నా సలహా ఏమిటంటే, ఒక రోజు పిల్లలకు బదులు నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి అమ్మే మదర్ యూనిట్ మీకు దగ్గరలో ఉంటే అక్కడే కొనండి. ధర ఎక్కువైనా, పిల్లలు ఎక్కువగా చనిపోయే దశ దాటి ఉంటాయి.

ఒక రోజు పిల్లలనే తెస్తే మొదటి మూడు వారాలు మీ శ్రద్ధ అంతా వెచ్చదనం మీదే ఉండాలి. పాకలో ఒక మూలను తడి లేకుండా చేసి, సున్నం కొట్టి, రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక పరచండి. రంపపు పొట్టు వద్దు, పిల్లలు దాన్ని మేత అనుకుని తింటాయి. రేకుతోనో అట్టతోనో అడుగున్నర ఎత్తున, మూడు నాలుగు అడుగుల వెడల్పున గుండ్రంగా కంచె కట్టండి. చదరంగా కడితే చలి వేసినప్పుడు పిల్లలు మూలలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతాయి. మధ్యలో వంద వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఒకటి వేలాడదీయాలి, ఎల్ఈడీ బల్బు వెలుగునిస్తుందే కానీ వేడినివ్వదు. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూసి, తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి.

థర్మామీటరు ఉన్నా లేకపోయినా పిల్లలను చూసి నేర్చుకోవడం మేలు. బల్బు కింద గుంపుగా చేరి గోలగోలగా అరుస్తుంటే చలి వేస్తోందన్నమాట, బల్బును కిందికి దించాలి. కంచె అంచులకు పోయి, రెక్కలు వాల్చి, నోరు తెరిచి ఎగరొప్పుతుంటే వేడి ఎక్కువైంది, పైకి లాగాలి. అంతటా సమానంగా పరుచుకుని, కొన్ని తింటూ, కొన్ని పడుకుని, చిన్నగా కిచకిచలాడుతుంటే సరిపోయింది. రాత్రి పడుకునే ముందు ఒకటి రెండు పిల్లలను చేతిలోకి తీసుకుని మెడ కింద మేతసంచిని వేలితో తాకి చూడండి. మెత్తగా, నిండుగా ఉంటే ఆ రోజు మేత, నీరు అందినట్టే. ఖాళీగా ఉంటే అది మేత దగ్గరకు చేరలేకపోతోందని గ్రహించాలి. పిల్లలు ఇంటికి రాగానే మొదట కొంచెం బెల్లం కలిపిన నీరు తాగించి, తరువాత మొక్కజొన్న నూక చల్లి, ఆ పైన మేతకు మార్చండి. ఊక మీద కాగితం పరచదలచుకుంటే నున్నటిది వాడకండి, దాని మీద కాళ్ళు జారి విడిపోయిన పిల్ల ఇక నిలబడలేదు.

సమాధానం: ఖమ్మం నుంచి

పై వారు చెప్పిన దానిలో చాలావరకు ఒప్పుకుంటాను కానీ, బ్రాయిలర్‌ను ఇంటికి పనికిరాని కోడిగా తీసిపారేయడం న్యాయం కాదు. దాని మాంసం మెత్తగా ఉంటుంది కనుక పెద్ద వయసు వారికి, చిన్న పిల్లలకు బాగుంటుంది, తొందరగా ఉడుకుతుంది. పాతిక తేకుండా ఎనిమిదో పదో తెచ్చి, అవి అయిపోయాక మరో జట్టు తెచ్చుకుంటే మాంసం పోగుపడే సమస్య రాదు. ఒక్కొక్క కోడి ఆరు వారాల్లో మూడున్నర కిలోల దాకా మేత తింటుంది, అంటే పదికి ముప్పై అయిదు కిలోలు. యాభై కిలోల బస్తా ఒకటి కొంటే ఇంకా మిగులుతుంది. కోడికి ఒక చదరపు అడుగు చోటు తప్పనిసరి, రెండో వారం తరువాత మధ్యాహ్నం కొన్ని గంటలు మేత తీసేస్తే ఎదుగుదల కొంచెం నెమ్మదించి కాళ్ళు గట్టిగా ఉంటాయి. నీరు మాత్రం ఎప్పుడూ తీయకూడదు.

హార్మోన్ ఇంజక్షన్లు చేసి పెంచుతారన్న మాట మా ఊళ్ళోనూ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్క దానికి సూది వేయడం ఎవరివల్లా కాదు, వేయవలసిన అవసరమూ లేదు. తరతరాలుగా త్వరగా పెరిగే కోళ్ళనే ఎంపిక చేసి సంకరపరచడం వల్ల, ఇరవై శాతానికి పైగా మాంసకృత్తులున్న మేత వల్ల ఆ పెరుగుదల వస్తోంది. యాంటీబయాటిక్స్ సంగతి వేరు. ఆ విషయంలో మీ బెంగకు అర్థం ఉంది. మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళ మేతలో కలపకుండా 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ఇంట్లో పెంచుకుంటే ఏ మందు వాడామో, ఎప్పుడు వాడామో మనకే తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. సైకిలు మీద గంపలో గులాబీ, ఆకుపచ్చ రంగులద్దిన పిల్లలను ఊళ్ళ వెంట అమ్ముతుంటారు. అవి గుడ్ల కోళ్ళ జాతిలో పుట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసం పట్టవు, ఎన్ని నెలలు మేపినా సన్నగానే ఉంటాయి. టీకాలు వేసి ఉంటాయన్న నమ్మకమూ లేదు. పిల్లలు ముచ్చటపడుతున్నారని వాటిని కొని మిగతా కోళ్ళలో కలపవద్దు.

సమాధానం: పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు

అమ్మా, మీ ప్రశ్నలో ఆఖరి వాక్యం అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్త పిల్లలను మీ నాటుపెట్టలతో ఇప్పుడే కలపవద్దు. పెద్ద కోళ్ళు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఏలికపాములను, రక్తవిరేచనాలు కలిగించే కాక్సిడియా క్రిములను రెట్ట ద్వారా పెరడంతా చల్లుతుంటాయి. వాటికి అలవాటైనది పిల్లలకు ప్రాణాంతకం. పిల్లలకు ఆరు వారాలు నిండి, టీకాలు పూర్తయ్యాకే బయటికి వదలాలి. ఆ లోపు పెద్ద కోళ్ళకు ఏలికపాముల మందు తాగించండి. మేత వేసేటప్పుడు ముందు పిల్లల దగ్గరకు, ఆ తరువాతే పెద్ద కోళ్ళ దగ్గరకు వెళ్ళండి. ఆ పాకలోకి వేరే చెప్పులు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పల్లెల్లో పెరటి కోళ్ళను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలితిరగడం, నోరు తెరిచి గురక పెట్టడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం దాని లక్షణాలు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే దారి. కాళ్ళు పడిపోయి, లోపల గడ్డలు లేచే మారెక్స్ వ్యాధికి టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, వేశారో లేదో అడిగి తెలుసుకోండి. ఐదు నుంచి ఏడో రోజు మధ్య కొక్కెర తెగులుకు లసోటా అనే టీకాను కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేయాలి. రెండు వారాలకు పిల్లల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో వ్యాధికి టీకా, నాలుగు వారాలు నిండగానే మరొకసారి లసోటా, ఆరు వారాలకు మశూచి టీకా, ఎనిమిది వారాలకు రెక్క కింద చర్మంలో కొక్కెర తెగులుకే మరొక టీకా అయిన ఆర్‌టుబి ఇప్పించాలి. బ్రాయిలర్ అయితే చివరి రెండింటి అవసరం రాకముందే కోతకు వస్తుంది. మీ పాత పెట్టలకు ఎప్పుడూ టీకా వేయించి ఉండకపోతే వాటికి ఏది ముందు వేయాలో మీ పశువైద్యులను అడిగి చేయించండి.

టీకా సీసాలు వంద మోతాదులు, అంతకంటే ఎక్కువ ఉన్నవే వస్తాయి. పాతిక కోళ్ళకు ఒక సీసా విప్పితే మిగిలినది పారబోయవలసిందే. అందువల్ల చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళ వారు ఒకే రోజున వేయించుకుంటే అందరికీ కలిసివస్తుంది, ఊళ్ళో తెగులు తిరగడమూ తగ్గుతుంది. మీ ఒక్కరి కోళ్ళకే వేస్తే పక్కింటి కోడి తెచ్చే క్రిమి మీ పెరట్లో తిరుగుతూనే ఉంటుంది. సీసాను పశువైద్యశాల నుంచి ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోండి. కలిపిన తరువాత రెండు గంటల్లోగా వాడేయాలి, ఎండ తగలనివ్వకూడదు. గంబోరోను తాగే నీటిలో ఇస్తే క్లోరిన్ కలిపిన కుళాయి నీరు పనికిరాదు, క్లోరిన్ కలపని బావి నీరు వాడి, లీటరుకు ఐదు గ్రాముల పాలపొడి కలపండి. అంతకుముందు గంటో రెండు గంటలో నీరు తీసేస్తే దాహంతో అన్నీ తాగుతాయి.

మేత విషయంలో రెండు మాటలు చెప్పాలి. దుకాణంలో గుడ్ల కోళ్ళ మేత చవకగా ఉందని ఇస్తే తీసుకోవద్దు. అందులో సున్నం (కాల్షియం) శాతం చాలా ఎక్కువ, పెరిగే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశెనగ పిండిని కడిగి ఎండబెట్టి వాడదామనుకోకండి, ఆ విషం కడిగినా ఎండబెట్టినా పోదు. మీ వైపు ఎండుచేపల పొడి వేసే అలవాటు ఉంది, ఉప్పు వేయని చేప అయితే మంచిదే కానీ ఉప్పుచేప, పచ్చడి కలిసిన అన్నం కోళ్ళను చంపుతాయి. ఆరు వారాల తరువాత పొద్దున వదిలిపెట్టి, సాయంత్రం నూకలు, తవుడుతో పాటు కొంత కోళ్ళ మేత వేయండి. ఆ వేళకు మేత దొరుకుతుందని తెలిస్తే అవే పాకకు చేరుకుంటాయి. పేడ కలిపిన తడి గడ్డిని పాత కుండలో కుక్కి, చెదలున్న చోట రాత్రి బోర్లించి ఉంచితే తెల్లవారేసరికి దానిలో చెదలు చేరతాయి. పిల్లలకు అంత మంచి మాంసకృత్తుల మేత ఖర్చు లేకుండా మరొకటి దొరకదు.

మీది గోదావరి ప్రాంతం కనుక బర్డ్ ఫ్లూ గురించి చెప్పకుండా ఉండలేను. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోను అది నిర్ధారణ అయింది. వ్యాధి తేలిన చోటికి ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నిటినీ, పెరటి కోళ్ళతో సహా, తొలగిస్తారు. శీతాకాలంలో ఒకేసారి నాలుగైదు కోళ్ళు చనిపోతే వట్టి చేతులతో ముట్టకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. చచ్చిన కోడిని కాలువలో వేయడం మన వైపు పెద్ద దురలవాటు. లోతుగా గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చాలి. ఆరోగ్యంగా ఉన్న కోడిని 70 డిగ్రీలు దాటేలా బాగా ఉడికించి తింటే భయం లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మా వారికి, మామయ్యగారికి ఇవన్నీ చదివి వినిపించాను. వనరాజా పిల్లలనే తేవాలని, పక్క నాలుగిళ్ళ వారితో మాట్లాడి టీకాలు కలిసి వేయించుకోవాలని నిర్ణయించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అక్టోబరులో తుఫాను వస్తే మాకు రోజంతా కరెంటు ఉండదు, అప్పుడు పిల్లలకు వెచ్చదనం ఎలా? రెండోది, ఇంట్లో కోసేటప్పుడు పాటించవలసినవి ఏమైనా ఉన్నాయా? మామయ్యగారికి అలవాటే కానీ, చాలా ఏళ్ళయింది.

సమాధానం: సిద్దిపేట వైపు నుంచి, పెరటి కోళ్ళు పెంచుతున్నవారు

కరెంటు పోయినప్పుడు చాలామంది బొగ్గుల కుంపటి పెడతారు. దానిపై చిల్లులున్న మూత బోర్లించి, చుట్టూ ఇటుకలు పేర్చి, పాక పైభాగంలో గాలి పోయే సందు ఉంచితేనే పెట్టండి, మూసిన గదిలో ఆ పొగకు పిల్లలతో పాటు మనుషులకూ ప్రమాదం. అంతకంటే భయం లేనిది, వేడినీళ్ళు పోసిన సీసాలను గోనెగుడ్డలో చుట్టి కంచె మధ్యలో పడుకోబెట్టడం. మూడు నాలుగు గంటలకొకసారి నీళ్ళు మార్చాలి. మీ నాటుపెట్టల్లో ఏదైనా అప్పటికి పొదుగు మీద కూర్చుని ఉంటే ఇంకా సులువైన దారి ఉంది. ఆ పెట్టను ముందుగా వేరు చేసి, ఏలికపాముల మందు, టీకా వేయించి ఉంచి, రాత్రి చీకట్లో పది పన్నెండు పిల్లలను ఒక్కొక్కటిగా దాని రెక్కల కిందికి జరపండి. తెల్లవారేసరికి అవి తన పిల్లలే అనుకుని దగ్గరకు తీస్తుంది. మిగిలిన వాటికి సీసాలు చాలు. వాన జల్లు పడి ఊక తడిస్తే ఆ తడిసిన మేరకు అప్పటికప్పుడు తీసి పొడిది వేయండి. రక్తవిరేచనాలు మొదలయ్యేది తడి ఊకలోనే.

ఇంకొక మాట, పాకకు మామూలు కోళ్ళ వల సరిపోదు. ముంగిస చిన్న సందులోంచి కూడా దూరుతుంది. అర అంగుళం కన్నాలున్న ఇనుప జాలీని కింద అడుగు లోతు పాతి పెట్టించండి. వనరాజా బరువుగా ఉంటుంది కాబట్టి నాటుకోడిలా ఎగిరి తప్పించుకోలేదు.

సమాధానం: పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు

కోత గురించి నేను చెబుతాను. ఏదైనా మందు వాడి ఉంటే, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో దాని చీటీ మీద రాసి ఉంటుంది, అన్ని రోజులూ ఆగాలి. ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపి నీరు మాత్రం ఇస్తే మేతసంచి, పేగులు ఖాళీ అయి మాంసానికి మలినం అంటదు. కోడిని తరిమి పట్టుకోవద్దు, రాత్రే గంప కింద మూసి ఉంచితే బెదరదు. కోసిన తరువాత తలకిందులుగా పట్టుకుని రక్తమంతా కారనివ్వండి. మరిగే నీళ్ళు వద్దు, తోలు ఉడికి చినిగిపోతుంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా, 60 డిగ్రీలకు కొంచెం పైన ఉన్న నీటిలో నిమిషం సేపు ముంచితే ఈకలు సులువుగా వస్తాయి. ఆ తరువాత మంట మీద నూగు కాల్చి, పసుపు రాసి కడగడం మీ మామయ్యగారికి చెప్పనక్కరలేదు.

పొట్ట విప్పేటప్పుడు చేదుతిత్తి పగలకుండా చూసుకుని, కార్జాన్ని తప్పక పరిశీలించండి. నున్నగా, ఒకే రంగులో ఉండాలి. తెల్లటి మచ్చలు, గడ్డలు కనిపిస్తే ఆ కోడిని తినవద్దు, మిగిలిన వాటిని పశువైద్యులకు చూపించండి. కోసిన వెంటనే పొయ్యి మీదికి ఎక్కిస్తారా సరే, లేదంటే కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వండండి. ఆ మధ్య వేళ కండ బిగుసుకుని ఉంటుంది కనుక ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. సంక్రాంతికి నాలుగైదు కోళ్ళు కావాలంటున్నారు కనుక వాటిని ముందు రోజు సాయంత్రమే కోసి శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పండుగనాడు పొద్దున్నే వంట మొదలుపెట్టుకోవచ్చు.